డొల్ల దేహాలు: కిమ్ జూన్ డిజిటల్ బొమ్మల్లో తోలు సంగతి

భుజం దగ్గర మొదలై మోచేతి కింద విరిగి ఆగిపోయిన చెయ్యి. తెల్లటి మెరుపు, ఆ మెరుపు అడుగున నీలం పూలతీగ. ఏ పళ్లెం మీదో టీ కప్పు మీదో చూసిన డిజైనే అనిపిస్తుంది. విరిగిన చోట కండ లేదు, ఎముక లేదు, నెత్తురు చుక్క లేదు. పలచటి పెంకు అంచు, దాని వెనక చీకటి, అంతే. దక్షిణ కొరియా డిజిటల్ కళాకారుడు కిమ్ జూన్ 'ఫ్రాజైల్' వరుసలో మనిషి ఒళ్ళు కనిపించే తీరు ఇది. చేతులు, మొండేలు, పాదాలు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి, కానీ ఏ ముక్కా నిండుగా ఉండదు. ఇవి కెమెరాతో తీసిన ఫొటోలు కావు, పింగాణీతో పోతపోసిన బొమ్మలూ కావు. త్రీడీఎస్ మ్యాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో మొదటినుంచీ చివరిదాకా కట్టి, కాగితం మీద అచ్చుతీసినవి.

ఈయన బొమ్మల గురించి రాసేవాళ్ళు ఎక్కువగా లోగోల దగ్గరే ఆగిపోతారు. 2008 నాటి 'బర్డ్ ల్యాండ్' వరుసలో నగ్న దేహాల నిండా పరచుకున్న నకాషీలోంచి క్రైస్లర్ లాంటి కంపెనీల గుర్తులు తొంగిచూస్తాయి. దాంతో వ్యాసం తనంతట తనే రాసుకుపోతుంది: వినియోగ సంస్కృతి, బ్రాండ్ల మోజు, మార్కెట్‌కి అమ్ముడుపోయిన ఒళ్ళు. తప్పేం కాదు. కానీ లోగో అచ్చువేసిన టీషర్టు కూడా ఆ మాటే చెబుతుంది. కిమ్ జూన్ బొమ్మలకున్న బలం లోగోలో లేదు, డొల్లతనంలో ఉంది. ఆ డొల్లతనం ఆయన ఊహలో ఎంత పుట్టిందో ఆయన వాడే పనిముట్టులోంచీ అంతే వచ్చింది. అది తెలియాలంటే ఆ పని ఎలా జరుగుతుందో దగ్గరగా చూడాలి.

గుర్తు పడ్డ ఒళ్ళు

కొరియాలోనూ మనలాగే ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. కిమ్ ఇంటిపేరు, జూన్ పేరు. 1966లో సోల్‌లో పుట్టారు. అక్కడి హాంగిక్ విశ్వవిద్యాలయంలో చదివింది పెయింటింగే, కంప్యూటర్లు కాదు. తప్పనిసరి సైనిక సేవలో ఉన్నప్పుడు తోటి సైనికులకు పచ్చబొట్లు పొడిచారని, ఆ అంశం మీద ఆసక్తి అక్కడే మొదలైందని ఆయన గురించిన పరిచయాలు చెబుతాయి.

ఇక్కడ తెలుగు పాఠకుడు కాస్త జాగ్రత్త పడాలి. మన పల్లెల్లో ముసలమ్మల ముంజేతుల మీది పచ్చబొట్టు అలంకారం, ముచ్చట. పోయేటప్పుడు వెంట వచ్చేది అదొక్కటే అనే నమ్మకం కూడా ఉంది. కొరియాలో దాని చరిత్ర వేరు. ఒళ్ళు, వెంట్రుక, చర్మం అమ్మానాన్నలు ఇచ్చినవి, వాటికి గాయం చెయ్యకపోవడమే పితృభక్తికి తొలిమెట్టు అని కన్ఫ్యూషియస్ సంప్రదాయం. 1895లో జుట్టుముడి కత్తిరించుకోవాలని ఆజ్ఞ వచ్చినప్పుడు దేశమంతా తిరగబడింది కూడా ఈ భావం వల్లనే. దానికి తోడు, నేరస్థుల ఒంటి మీద సిరాతో గుర్తు పొడిచే శిక్ష కొరియాను ఏలిన పాత రాజ్యం జోసన్‌లో చాలాకాలం నడిచింది. యోంగ్‌జో రాజు 1740లో దాన్ని ఎత్తేశాడు. ఆధునిక కాలంలో 1992లో అక్కడి సుప్రీంకోర్టు పచ్చబొట్టు పొడవడం వైద్య చర్య కిందికి వస్తుందని తీర్పిచ్చింది. అంటే డాక్టరు కానివాళ్ళు పొడిస్తే నేరం. 2022లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని 5–4 తేడాతో నిలబెట్టింది. 2025 సెప్టెంబరులో గానీ, ఈ వృత్తివాళ్ళకు లైసెన్సు ఇచ్చే చట్టాన్ని పార్లమెంటు ఆమోదించలేదు. అదీ రెండేళ్ళ గడువు తర్వాతే అమలు.

ఈ నేపథ్యంలో 1990ల్లో కిమ్ జూన్ చేసినవి స్పాంజి కూరి, పైన గుడ్డ తొడిగి, ఆ గుడ్డ మీద పచ్చబొట్లు వేసిన మాంసపు ముద్దల్లాంటి బొమ్మలు. చూస్తే కసాయి కొట్టు గుర్తొచ్చే సరుకు. 2000ల్లో సాఫ్ట్‌వేర్ వైపు మళ్ళారు. ఈ మార్పుని కేవలం సౌకర్యం కింద జమకట్టలేం. స్పాంజి ముద్దకి లోపల ఏదో ఒకటి ఉంది. కంప్యూటర్ బొమ్మకి అదీ లేదు.

తీగల గూటికి తోలు తొడగడం

త్రీడీ బొమ్మ అంటే నాలుగు మూలల పలకలు అంచులు కలుపుకుని అల్లుకున్న వల. దాన్ని మెష్ అంటారు. దానికి మందం సున్నా. మెడ దగ్గర కోసి చూస్తే లోపల ఖాళీ. అవతలి గోడ వెనకవైపు కనబడుతుంది, లేదా సెట్టింగుని బట్టి అదీ కనబడదు. సినిమా వాళ్ళకీ గేముల వాళ్ళకీ ఇది దాచిపెట్టాల్సిన లోపం. కిమ్ జూన్‌కి ఇదే ముడిసరుకు.

మనిషి ఒంటికి పదివేల పలకల వల తయారుచేసుకున్నామనుకుందాం. దాన్ని నునుపు చెయ్యడానికి టర్బోస్మూత్ అనే సాధనం వేస్తే ఒక్కో విడతకి పలకలు నాలుగింతలు అవుతాయి. రెండు విడతలకి 1,60,000. మూడో విడతకి 6,40,000. మూడో విడత దాకా వెళ్ళడం చాలాసార్లు దండగ. నునుపు పెరుగుతుంది, ఒళ్ళు మాత్రం సబ్బుబిళ్ళలా తయారవుతుంది. మోచెయ్యి, మోకాలు, చంక దగ్గర కనీసం మూడేసి వరసల గీతలు అడ్డంగా ఉండాలి. లేకపోతే వంచినప్పుడు కీలు నలిగిన గొట్టంలా లోపలికి పోతుంది. ముంజెయ్యి మెలితిప్పితే వచ్చే చిక్కు ఇంకొకటి: మణికట్టు దగ్గర వల చాక్లెట్ కాగితం చుట్టలా సన్నబడిపోతుంది. యానిమేషన్ అయితే మెలికను పంచే అదనపు 'ఎముకలు' (వలను వంచడానికి సాఫ్ట్‌వేర్‌లో లోపల పెట్టే కనబడని చట్రం) పెట్టాలి. కదలని బొమ్మకి అంత శ్రమ అక్కర్లేదు. భంగిమ కుదిరాక ఎముకల బంధం తీసేసి, పాడైన చోట చేత్తో లాగి సరిచేస్తే సరి.

అసలు కష్టం రెండు దేహాలు ఆనుకున్న చోట మొదలవుతుంది. నిజం ఒంట్లో తొడ మీద చెయ్యి వేస్తే కండ నొక్కుకుంటుంది, వేళ్ళ పక్కన కొద్దిగా ఉబ్బుతుంది. సాఫ్ట్‌వేర్‌కి ఆ సంగతి తెలీదు. వేలు తొడలోంచి దూసుకుపోతుంది, లేదా వెంట్రుకవాసి ఎడంతో గాల్లో తేలుతుంది. రెండూ కంటికి వెంటనే పట్టుబడతాయి. వేలి కింద ఉండాల్సిన సన్నటి నీడ లేకపోతే ఎంత మంచి కౌగిలింతైనా అతుకుల బొమ్మే. అందుకే తొడ వైపు వలను మెత్తటి ఎంపికతో (ఒక చోట నొక్కితే చుట్టుపక్కల కూడా కొద్దికొద్దిగా కదిలే పద్ధతి) ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి నొక్కి, చుట్టూ అంత మేరా పైకి లేపాలి. తమాషా ఏమిటంటే పింగాణీ దేహాల్లో ఈ బాధే లేదు. పింగాణీ నొక్కుకోదు. ఒక పెంకు ఇంకో పెంకుకి తగిలి ఆగిపోతుంది. 'ఫ్రాజైల్' దేహాల కౌగిళ్ళలో ఉన్న వింత చలి సగం ఇక్కడిదే: అంత దగ్గరగా ఉన్నా ఎవరి ఒంట్లోనూ ఎవరి బరువూ దిగదు.

ఆ తర్వాత తోలు. వలను దుస్తులు కుట్టే దర్జీ కొలతల్లాగా విప్పి, బల్లపరుపుగా పరవాలి. దీన్నే యూవీ విప్పడం అంటారు. కుట్లు ఎక్కడ పడాలో తేల్చుకోవడంలోనే సగం పని ఉంది. చేతికి లోపలివైపు, కాలికి లోపలితొడ వెంబడి, మొండేనికి పక్కటెముకల మీదుగా. కుట్టు దాటి వెళ్ళే పూలతీగ అక్కడ తెగి, పక్కకి జరిగి కనబడుతుంది. గళ్ళ నమూనా ఒకటి ముందుగా వేసి చూసుకుంటే ఎక్కడ సాగిందో తెలుస్తుంది: గళ్ళు చదరంగా ఉంటే సరే, కోలగా మారితే అక్కడ వేసిన లోగో కూడా కోలగానే ఉంటుంది. రొమ్ము, పిరుదు, భుజం గుండ్రం మీద ఇది తప్పదు. నేరుగా త్రీడీ బొమ్మ మీదే రంగు వేసే పద్ధతిలో కుట్ల గొడవ చాలావరకు తీరుతుంది. ఒకే కెమెరా కోణం కాబట్టి మిగిలిన కుట్టుని కనబడని వైపుకి నెట్టేయవచ్చు.

ఇలా పరిచిన తోలు మీద వేసే బల్లపరుపు బొమ్మని మ్యాప్ అంటారు. అది ఎంత పెద్దదై ఉండాలి అనేది లెక్క. పెద్దమనిషి ఒంటి తోలు సుమారు 1.8 చదరపు మీటర్లు. 8,192 పిక్సెళ్ళ చదరపు మ్యాప్ ఒకటి వేసి, అందులో 70 శాతం చోటు వాడుకోగలిగితే సెంటీమీటరుకి దాదాపు 51 పిక్సెళ్ళు వస్తాయి. ఒళ్ళు నిలువెత్తు పరిమాణంలో, అంగుళానికి 300 చుక్కలతో అచ్చవ్వాలంటే సెంటీమీటరుకి 118 కావాలి. అంటే అలాంటి మ్యాపులు ఆరు ఉంటే తప్ప దగ్గరికెళ్ళి చూసేవాడికి పూరేకు అంచు పదునుగా కనబడదు. గ్యాలరీలో జనం ఎలాగూ దగ్గరికే వెళ్తారు, ముఖ్యంగా ఇది ఫొటోనా కాదా అని తేల్చుకోవడానికి.

మెరుపు కింద రంగు

తోలూ పింగాణీ ఒకదానికొకటి సంబంధం లేనివిగా అనిపిస్తాయి. వెలుగు లెక్కలో మాత్రం అన్నదమ్ములు. తోలు మీద పడ్డ వెలుగులో కొంత పైనుంచే తిరిగొస్తుంది, మిగతాది లోపలికి దిగి, అక్కడ చెదిరి, ఇంకో చోట బయటికి వస్తుంది. చెవి తమ్మెకి వెనక దీపం పెడితే ఎర్రగా కనిపించేది అందుకే. ఈ చెదురుడుని కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో వాడుకునేలా సులువు చేసిన సూత్రం 2001లో వచ్చింది. ఆ తర్వాతే డిజిటల్ తోలు ప్లాస్టిక్ లాగా కనబడటం తగ్గింది. పలచటి పింగాణీ కూడా అదే పని చేస్తుంది. వెలుతురుకి అడ్డం పట్టుకుంటే వేళ్ళ నీడ కనబడుతుంది.

పచ్చబొట్టు సిరా తోలు పైపొర దాటి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున కింది పొరలో ఉంటుంది. నల్ల సిరా అయినా పైనుంచి చూస్తే పచ్చగానో నీలంగానో ఉంటుంది, ఎందుకంటే పైనున్న పొర నీలం వెలుగును ఎక్కువగా చెదరగొట్టి వెనక్కి పంపుతుంది. పొడిచింది నల్లసిరా అయినా దాన్ని పచ్చబొట్టు అని పిలిచినవాళ్ళు కంటితో చూసిందే పేరుగా పెట్టారు.

సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా పనిచేసేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. పచ్చబొట్టు బొమ్మని తోలు పైరంగులో కలిపేస్తారు. అప్పుడది అంటించిన స్టిక్కర్‌లా కనబడుతుంది. మ్యాప్‌ని లోపలి పొర రంగుకి ఇవ్వాలి. అంచుని ఒకటి రెండు పిక్సెళ్ళు మసకబార్చాలి, రంగు గాఢత కాస్త తగ్గించాలి. అన్నిటికన్నా ముఖ్యం, పైనున్న మెరుపునీ తోలు గరుకునీ ముట్టుకోకూడదు. మెరుపు పచ్చబొట్టు మీదుగా ఆగకుండా సాగిపోవాలి. అప్పుడే రంగు లోపలుందని కన్ను నమ్ముతుంది.

'ఫ్రాజైల్'లో ఆయన వాడుకున్నవి రాయల్ కోపెన్‌హేగెన్, హెరెండ్, విలెరాయ్ అండ్ బాఖ్ లాంటి యూరప్ కంపెనీల పింగాణీ నమూనాలు. వీటి మధ్య తేడాలున్నాయి. 1775లో మొదలైన రాయల్ కోపెన్‌హేగెన్ పేరుమోసిన నీలం నమూనా గ్లేజ్ (గాజులాంటి పైపూత) కిందిది: కాల్చిన గుల్ల మట్టి మీద కోబాల్ట్‌తో గీసి, పైన గ్లేజ్ పోసి, 1,300 డిగ్రీల పైన మళ్ళీ కాలుస్తారు. అచ్చంగా పచ్చబొట్టులాగే రంగు కింద, మెరుపు పైన. 1826 నాటి హంగరీ కంపెనీ హెరెండ్ రంగుల పూలు ఎక్కువగా గ్లేజ్ పైన వేసి, తక్కువ వేడికి కాల్చేవి. వేలితో తడిమితే కాస్త ఎత్తుగా తగులుతాయి, వాటి మెరుపూ వేరే. ఇవి రెండూ ఒకే మెటీరియల్ (పైభాగం రంగు, మెరుపు, గరుకు ఎలా ఉండాలో చెప్పేది) సెట్టింగుతో చేస్తే పింగాణీ సంగతి తెలిసినవాడు ఇట్టే పసిగడతాడు. పైన వేసిన రంగుకి సన్నటి ఉబ్బు మ్యాప్ ఒకటి, వేరే మెరుపు విలువ ఒకటి ఇవ్వాల్సిందే.

జోసన్ తెల్ల పింగాణీకి పుట్టిల్లయిన దేశంలో ఉండి యూరప్ కంపెనీల నమూనాలు ఎందుకు ఎత్తుకున్నట్టు? పింగాణీ తయారీ యూరప్‌కి తెలిసింది 1710 ప్రాంతంలో, జర్మనీలోని మైసెన్‌లో. అంతకుముందు శతాబ్దాల తరబడి తూర్పు ఆసియా నుంచి కొనుక్కున్నదే. ఆ నేర్చుకున్న విద్య కంపెనీ ముద్రతో, విలాస వస్తువుగా, తిరిగి తూర్పుకే వచ్చింది. కొరియన్ ఒంటి మీద ఆ ముద్ర పడటంలో ఈ రాకపోకల చరిత్ర అంతా ఉంది. క్రైస్లర్ లోగో కన్నా ఇది లోతైన ఎంపిక. 'బర్డ్ ల్యాండ్'తో పోలిస్తే 'ఫ్రాజైల్' మెట్టు పైన నిలబడటానికి కారణం కూడా ఇదే.

విరిగిన అంచు

సున్నా మందం ఉన్న వలను విరగ్గొడితే కాగితం చింపినట్టు ఉంటుంది. అందుకని షెల్ అనే మార్పుతో దానికి మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఇవ్వాలి. టీ కప్పు అంచు అంతే ఉంటుంది. ఇక్కడ జరిగే పొరపాటు, విరిగిన అంచుకీ పైనున్న మెరుపే ఇచ్చెయ్యడం. నిజమైన పెంకు అంచుకి గ్లేజ్ ఉండదు. లోపలి మట్టి పొడి తెలుపులో, చక్కెర విరిగినట్టు సన్నటి పలుకుతో ఉంటుంది. అంచుకి వేరే మెటీరియల్ సంఖ్య కేటాయించి, మెరుపు తీసేసి, చిన్న గరుకు ఇస్తేనే అది పింగాణీ.

ఇంకో సంగతి వెలుతురుది. పింగాణీ తన చుట్టూ ఉన్నదాన్నే చూపిస్తుంది. ఖాళీ సీన్‌లో చుట్టూ ఏమీ ఉండదు కాబట్టి ఎన్ని దీపాలు పెట్టినా బొమ్మ చచ్చినట్టే ఉంటుంది. స్టూడియోలో సీసాలు ఫొటో తీసేవాళ్ళు చేసే పనే ఇక్కడా చెయ్యాలి: కెమెరాకి కనబడని చోట పెద్ద తెల్లటి పలకలు నిలబెట్టి, వాటి ప్రతిబింబాన్ని భుజం మీద పొడవాటి తెల్లగీతగా పారించాలి.

120 సెంటీమీటర్ల చదరపు అచ్చుకి, అంగుళానికి 300 చుక్కల లెక్కన, పక్కకి 14,173 పిక్సెళ్ళు. మొత్తం 20 కోట్లు. ఒక్కో రంగుకి 16 బిట్లతో దాచితే ఒక్క బొమ్మే 1.2 గిగాబైట్లు. 2006లో వచ్చిన 9వ వెర్షన్‌కి ముందు త్రీడీఎస్ మ్యాక్స్ 32 బిట్ల ప్రోగ్రామే. విండోస్ మామూలుగా దానికిచ్చే మెమరీ హద్దు 2 గిగాబైట్లు. ఆ కాలంలో ఇంత పెద్ద బొమ్మని పట్టీలు పట్టీలుగా రెండర్ చేసి (అంటే త్రీడీ సీన్‌ని చదును బొమ్మగా లెక్కకట్టించి), తర్వాత అతకడం తప్ప దారి లేదు. ఎనిమిది బిట్లతో కానిచ్చేస్తే ముదురు నేపథ్యంలో వెలుగు నీడకి జారేచోట చారలు పడతాయి. స్క్రీన్ మీద కనబడవు, కాగితం మీద దాక్కోవు. సన్నటి నలకల్లాంటి నాయిస్ ఒక శాతం కలిపితే చారలు కరిగిపోతాయి. కోబాల్ట్ నీలం అచ్చులో ఊదాకి తిరిగే అలవాటు ఉన్న రంగు, కాబట్టి ఆ భాగం చిన్న ముక్క ముందుగా అచ్చుతీసి, అసలు పళ్లెం పక్కన పెట్టి చూసుకోవడం మేలు.

లోపాలూ ఉన్నాయి. ఈ దేహాలన్నీ యవ్వనంలో ఉన్నవే, ముడత లేనివే. నకాషీ ఎంత మారినా దాని కింది ఒళ్ళు అచ్చులో తీసినట్టు ఒక్కటే. ముఖాలు దాదాపుగా లేవు. త్రీడీలో ముఖం అన్నిటికన్నా కష్టమైన భాగం, కొద్దిగా తేడా వచ్చినా శవంలా కనిపిస్తుంది. తల తీసేయడంలో ఆ చిక్కు తప్పించుకున్న సౌకర్యం కూడా ఉందని ఒప్పుకోవాలి. మెరుపు ఎంత తీర్చిదిద్ది ఉంటుందంటే, బ్రాండ్ మీద విసురు అనుకున్న బొమ్మని అదే బ్రాండ్ వాళ్ళు షోరూమ్‌లో వేలాడదీసుకున్నా వింతగా ఉండదు. కసాయి కొట్టు లాంటి ఆ పాత స్పాంజి ముద్దలకి ఈ ప్రమాదం లేదు. వాటిని ఏ షోరూమూ కోరుకోదు.

అయినా విరిగిన ఆ అంచు దగ్గరికి మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది. అసలు పింగాణీ బొమ్మలు కూడా డొల్లవే. ప్లాస్టర్ అచ్చులో జారుడు మట్టి పోస్తారు. అచ్చు నీళ్ళు పీల్చుకుని గోడకి పొర కట్టగానే మిగతా మట్టి ఒంపేస్తారు. చేతులు వేరే, కాళ్ళు వేరే అచ్చుతీసి, అదే మట్టితో అతుకుతారు. అన్నివైపులా మూసుకుపోతే లోపలి గాలి వేడికి వ్యాకోచించి బొమ్మ బట్టీలోనే పగిలిపోతుంది, అందుకని కనబడని చోట చిన్న కన్నం ఒకటి వదులుతారు. సాఫ్ట్‌వేర్ బొమ్మకి ఆ కన్నం అవసరం లేదు, దాని లోపల గాలి కూడా లేదు. కానీ కెమెరా విరిగిన చోటునుంచి లోపలికి చూస్తుంది కాబట్టి లోపలి గోడకీ ఏదో ఒక మెటీరియల్ ఇవ్వక తప్పదు. కిమ్ జూన్ అక్కడ మాంసం రంగు వెయ్యలేదు.